శాంపిల్ చూసి అల్లిన గడియారం

వచ్చినవాళ్ళు కూర్చునే మజ్లిస్ గదిలో కిటికీ కింద బల్ల మీద ఉన్న అట్టపెట్టె రంజాన్ నెలవంక కనిపించేలోపు అక్కడి నుంచి కదలాలి. గడియారం అయి కదిలితే సరే. లేకపోతే పాత సామాన్లు కొనే మనిషి బండి ఎక్కాలి. ఇది ఇంటి పెద్దావిడ పెట్టిన షరతు. ఇంటి పెద్దాయన ఒప్పుకున్నారు. ఒప్పుకునేముందు నన్నెవరూ అడగలేదు. గడియారం చెయ్యాల్సిన చేతులు మాత్రం నావి.

బహ్రెయిన్‌లో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళం పెద్దావిడని మామా అంటాం, పెద్దాయనని బాబా అంటాం. జింజ్ అనే పేటలో ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే, మూడో మనిషిని నేను. పిల్లలు పెళ్ళిళ్ళయి వేరే ఇళ్ళల్లో ఉంటారు. రంజాన్ నెలలో మాత్రం సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి అందరూ ఇక్కడికే వస్తారు. అప్పుడు మామాకి ప్రతి బల్లా కావాలి.

ఆ పెట్టెలో ఉన్నవి గాజు గొట్టాలు. ఒక్కోటి నా బొటనవేలికన్నా కాస్త లావు. బాబా చాలా ఏళ్ళు టెలిఫోన్ల ఆఫీసులో మెషీన్లు బాగుచేసే పని చేశారు. పాతకాలం కొలత మెషీన్లకి అంకెలు చూపించేవి ఈ గొట్టాలేనట. ఆ మెషీన్లని పారేస్తుంటే ఆయన గొట్టాలు పీక్కుని ఇంటికి తెచ్చుకున్నారు. ఒక్కో గొట్టంలో సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు ఉంటాయి. సన్నటి తీగని వంచి చేసిన అంకెలు, ఒకదాని వెనక ఒకటి దొంతరగా. ఏ అంకెకి కరెంటు ఇస్తే అది వెలుగుతుంది. బల్బులా తెల్లగా కాదు, దీపం వత్తి అంచున ఉండే రంగులో. మిగతా తొమ్మిదీ దాని ముందూ వెనకా చీకట్లో నిలబడి ఉంటాయి.

రిటైరయ్యాక వీటితో గడియారం చేస్తానని బాబా అనుకున్నారు. రిటైరయ్యేసరికి చేతులకి వణుకొచ్చింది. టీ గ్లాసు కూడా రెండు చేతులా పట్టుకుంటారు. పెట్టె తెరవడం, ఒక గొట్టం తీసి కిటికీ వెలుతురుకి పెట్టి చూడడం, మళ్ళీ దూదిలో పడుకోబెట్టడం, అంతవరకే. మామా వాటిని గాజు దోసకాయలు అనేవారు. ఇవాళ దోసకాయలకి నీళ్ళు పోశావా అని భర్తని అడిగేవారు.

నేను ఇందులో చేరింది ఒక మధ్యాహ్నం దుమ్ము తుడుస్తూ. బాబా సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి, ఒక తీగని గొట్టం అడుగున పొడుచుకొచ్చిన సన్నటి కాలికి అతికించాలని చూస్తున్నారు. తీగ జారిపోతోంది, కడ్డీ బల్లని కాలుస్తోంది, మామా పక్క గదిలోంచి కాలిన వాసన గురించి అరుస్తున్నారు. నేను గుడ్డ పక్కనపెట్టి ఆ తీగ కొస పట్టుకున్నాను. ఆయన అతికించారు. అతుకు ఎలా వచ్చిందో చూడకుండా నా చేతివైపు చూశారు.

"ముందు ఏం పని చేసేదానివి?" అని అడిగారు.

మా మధ్య నడిచేది కాస్త హిందీ, కాస్త అరబ్బీ. ఆ రెండింట్లోనూ లేసుని ఏమంటారో నాకు తెలియదు. నా గదిలోకి వెళ్ళి పెట్టె అడుగున ఉన్న నా లేసు గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచాను. బాబా దాన్ని చాలాసేపు చూశారు. అంచు పట్టుకుని, మొదలెక్కడో చివరెక్కడో వెతికారు. దొరకలేదు.

నాది నరసాపురం పక్క లంక ఊరు. మావైపు ఆడపిల్లకి ముందు కొక్కెం సూది పట్టుకోవడం వస్తుంది, తరవాతే జడ వేసుకోవడం వస్తుంది. నేను బడికి వెళ్ళలేదు, సూదితోనే పెరిగాను. లేసు పనిలో కాగితాలుండవు. పనిచ్చే ఆవిడ ఒక ముక్క తెస్తుంది, దాన్ని శాంపిల్ అంటాం. అది ఒళ్ళో పెట్టుకుని, కుట్టు వెనక కుట్టు చూసి, అచ్చం అలాంటిది అల్లాలి. వీధి వీధంతా ఒకే డిజైను అల్లుతుంది. నాది, మీది, నాలుగిళ్ళవతల ఉన్నావిడది కలిపి కుడితే ఒకే దుప్పటి కావాలి. అందుకని ఒక నియమం ఉండేది. శాంపిల్‌లో తప్పు ఉంటే ఆ తప్పు కూడా అల్లాలి. ఒకసారి మా అమ్మ శాంపిల్ పువ్వులో ఒక రేకు తక్కువైందని చూసి, తన ముక్కల్లో ఆ రేకు కలిపి అందంగా అల్లింది. పనిచ్చే ఆవిడ అవన్నీ వెనక్కిచ్చేసింది. "శాంపిల్‌లో లేని తెలివి నాకెందుకమ్మా? ఇయ్యి దేనికి జతెయ్యను?" అంది. ఆ మాట నా చెవుల్లో కాదు, వేళ్ళల్లో ఉండిపోయింది.

అది ఎంతగా ఉండిపోయిందో నాకు హూరా అనే పేటలో తెలిసింది. శుక్రవారం నాకు సెలవు. హూరాలో మావైపు ఆడవాళ్ళు నలుగురు కలిసి ఉండే గదికి వెళ్ళేదాన్ని. అందులో ఒకామె పాలకొల్లు మనిషి, ఒక హోటల్లో గదులు సర్దే పని చేస్తుంది. నన్ను వదినా అంటుంది, నేనూ తనని వదినా అంటాను. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. అంకెలు నాకు ముందే వచ్చు, ఫోన్ బటన్లు నొక్కి నొక్కి నేర్చుకున్నాను. అక్షరాలే రావు. వదిన పై వరసలో రాస్తుంది, కింద నేను రాయాలి. మొదటి వారం నేను రాసింది చూసి తను పకపకా నవ్వి మిగతావాళ్ళని పిలిచింది.

"ఇదేం చోద్యమే, నా పెన్ను ఎండిపోయి గీత తెగిన చోట వదిన కూడా గీత తెంచేసింది సూడండి."

నిజమే. ఒక అక్షరం నడుమ తన పెన్నులో సిరా ఆగి సన్నటి ఖాళీ పడింది. నేను అక్కడ పెన్ను ఎత్తి, ఆ ఖాళీ వదిలి, మళ్ళీ పెట్టాను. అక్షరం అంటే అలాగే ఉంటుందనుకున్నాను. ఆ తరవాత వదిన నాకోసం కొత్త పెన్ను కొంది.

బాబా మొదట నాకు కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చారు. గీతలు, చుక్కలు, బాణాలు. నాలుగు గొట్టాలు, రెండు గంటలకి, రెండు నిమిషాలకి. ఆ బొమ్మ నాకు ఎక్కలేదు. అక్షరాలు వచ్చాయి కదా, ఇది కూడా వస్తుందని రెండు రోజులు దాని ముందు కూర్చున్నాను. మూడో రోజు కాగితం ఆయన ముందుకి నెట్టి, ఒక గొట్టానికి తీగలన్నీ మీరే అతికించి ఇవ్వండి, మిగతా మూడూ దాన్ని చూసి నేను చేస్తాను అన్నాను.

ఆయనకి అది నచ్చింది. మడిచిన తువ్వాలు మీద మణికట్టు ఆనించి, ఉదయం పూట చెయ్యి కాస్త నెమ్మదిగా ఉన్నప్పుడు, ఒక్కో తీగా అతికించారు. నేను తీగ పట్టుకునేదాన్ని. కొన్ని రోజులు ఒక్కటే అతుకు పడేది. కొన్ని రోజులు అదీ పడేది కాదు, అప్పుడాయన కడ్డీ ఆపేసి పేపరు చదివేవారు, నేను వంటింట్లోకి పోయేదాన్ని. మొత్తానికి పూర్తయింది. ఒక్కో తీగకీ కరెంటు తాకించి చూశారు, పది అంకెలూ వెలిగాయి. గొట్టంలో అంకెల దొంతర వరసగా ఉండదు. మూడు ముందుంటుంది, సున్నా వెనకుంటుంది, ఎలా వీలైతే అలా పేర్చారు. అందుకని ఏది ముందు వెలిగింది, ఏది తరవాత అని మేమిద్దరం పట్టించుకోలేదు. పదీ వెలిగితే చాలనుకున్నాం.

అప్పుడు నా పని మొదలైంది. శాంపిల్ గొట్టాన్ని తలకిందులుగా ఒక గ్లాసులో నిలబెట్టి, దాన్ని చూస్తూ పక్కనే నా గొట్టానికి అతికించేదాన్ని. లేసుకీ దీనికీ పెద్ద తేడా లేదు. లేసులో సూది, ఇక్కడ కడ్డీ. లేసులో ముడి, ఇక్కడ సీసం బొట్టు. బొట్టు మెరిస్తే పట్టినట్టు, బూడిద రంగుకి తిరిగితే పట్టనట్టు. అతుకు పెట్టినప్పుడు సాంబ్రాణి లాంటి పొగ వచ్చేది, మామా కూడా దాన్ని ఏమీ అనేవారు కాదు. గొట్టాల కాళ్ళు నల్లగా మాసి ఉంటే చింతపండు పెట్టి తోమి తెస్తానన్నాను, ఇత్తడి గిన్నెలు తోమినట్టు. బాబా గొట్టం నా చేతిలోంచి లాక్కున్నంత పని చేశారు. కాలు గాజు దగ్గర ఒక్కసారి విరిగితే ఆ గొట్టం చచ్చినట్టేనట. చిన్న బ్లేడుతో మెల్లగా గీకడం నేర్పారు.

ఈ గొట్టాలు వెలగాలంటే కరెంటు గట్టిగా ఉండాలి. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చే అబ్బాయిది జగిత్యాల వైపు, ఆ వైపు వాళ్ళకి గల్ఫ్ దేశాలన్నీ దుబాయే. ఓవర్‌టైం మీద వచ్చినప్పుడు నా చేతిలో కడ్డీ చూసి నిచ్చెన మీదే ఆగిపోయాడు.

"దుబాయికొచ్చి గడియారం జేస్తున్నవా అక్కా? జర పైలం. గది షాక్ కొడ్తే ఏసీ బాగుజేసినట్టు మనిషిని బాగుజెయ్యరాదు."

బాబా అంతకుముందే నాకు ఒక పద్ధతి నేర్పారు. కరెంటు ఉన్నప్పుడు కుడి చేత్తోనే ముట్టుకోవాలి, ఎడమ చెయ్యి నడుం వెనక పెట్టుకోవాలి. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందట. అలా నిలబడితే మామా గుమ్మంలోంచి చూసి, ఎవరికి సలాం కొడుతున్నావు, దోసకాయలకా అనేవారు.

నాలుగు గొట్టాల తీగలూ విడివిడిగా ఉండవు. నాలుగింట్లో ఉన్న ఒకట్లన్నీ ఒక తీగకి, రెళ్ళన్నీ ఇంకో తీగకి, అలా కలుపుకుంటూ వస్తే పది తీగలు మిగులుతాయి. అవి జడలా కలిసి చిన్న నల్ల చిప్ దగ్గరికి వెళ్తాయి. ఆ చిప్ వెనక సమయం లెక్కపెట్టే బోర్డు ఉంటుంది, అది బాబా కొనుక్కొచ్చింది. ఒక్కో గొట్టాన్నీ వంతులవారీగా వెలిగించి ఆర్పుతుందట, కొరివి గిరగిరా తిప్పితే నిప్పుచక్రం కనిపించినట్టు మన కంటికి నాలుగూ ఒక్కసారే వెలుగుతున్నట్టు ఉంటుంది. అన్నీ అయ్యాక బాబా గొట్టాల అడుగున వేడి జిగురు పోసి మూసేశారు. తీగలు కదిలి ఒకదానికొకటి తగలకుండా, ఎవరి వేలూ లోపలికి పోకుండా. పాత రేడియో ఒకటుంటే దాని చెక్క పెట్టె ఖాళీ చేసి అందులో అన్నీ దించాం.

ఇక్కడికి వచ్చేసరికి రంజాన్ దగ్గరికొచ్చేసింది. మర్నాడు సాయంత్రం నెలవంక కోసం చూస్తారు. మామా అప్పటికే పాత సామాన్ల మనిషికి ఫోన్ చేసి రమ్మన్నారు. వట్టి బెదిరింపు కాదది. ఆవిడ మాటంటే మాటే, అది బాబాకి నాకన్నా బాగా తెలుసు. ఆ రోజు ఆయన భోజనం సరిగ్గా చెయ్యలేదు. అది గొట్టాల పెట్టె కాదు ఆయనకి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వేరేవాళ్ళ మెషీన్లు బాగుచేసి, తనకోసమని దాచుకున్న ఒకే ఒక్క పని.

మధ్యాహ్నం ప్లగ్గు పెట్టాం. నా ఎడమ చెయ్యి నడుం వెనకే ఉంది. నాలుగు గొట్టాలూ వెలిగాయి. కిటికీ తెర వేసి ఉంది, గదిలో ఆ రంగు తప్ప ఇంకేం లేదు. ఫోన్ చూసి నేనే సమయం పెట్టాను. మూడు నలభై రెండు. మామా కూడా వచ్చి నిలబడ్డారు. నలభై మూడు అయింది. నలభై నాలుగు అయింది. బాబా పెదాలు కదులుతున్నాయి, ఏదో దువా చదువుకుంటున్నారు.

తరవాత నలభై ఎనిమిది అయింది.

మేం కన్ను తప్పించామేమో అనుకున్నాం. నలభై ఆరు వచ్చింది. నలభై ఏడు వచ్చింది. ఆ తరవాత నలభై అయిదు. నలభై తొమ్మిది సరిగ్గానే వచ్చింది. మేం చూస్తుండగానే దాని తరవాత మూడు ఎనభై వచ్చింది.

మామా కుర్చీలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. "మూడు గంటల ఎనభై నిమిషాలు! ఎల్లుండి ఇఫ్తార్ అయిదున్నరకి కాదు, ఎనిమిదిన్నరకి అంటుందన్నమాట. అందరినీ ఆకలితో చంపి పంపిద్దాం."

బాబా బోర్డు తప్పేమో అని చూశారు. దాని వెనకున్న చిన్న దీపాలు సరిగ్గానే లెక్కపెడుతున్నాయి. తప్పు తీగల్లో ఉంది. అయిదు వెలగాల్సిన చోట ఎనిమిది, ఎనిమిది చోట అయిదు. తీగలున్నది జిగురు కింద. జిగురు పీకితే గొట్టాల కాళ్ళు దానితోపాటే వస్తాయి. నాలుగు గొట్టాలు, ఉన్నది ఒక్క రోజు. ఆయన ప్లగ్గు తీసేసి, "ఖలాస్" అన్నారు. గొట్టాలు ఆరిపోయాయి. కిటికీ తెర తియ్యడానికి మామా కూడా లేవలేదు. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

నేను ఆరిన గొట్టాలనే చూస్తున్నాను. నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. జిగురు పొయ్యకముందు, శాంపిల్ గొట్టం అడుగున, అయిదుకీ ఎనిమిదికీ పోయే ఎర్ర తీగా నీలం తీగా ఒకదాని మీదుగా ఒకటి మెలిక పడి వెళ్తాయి. మిగతా ఎనిమిదీ తిన్నగా వెళ్తాయి, అవి రెండే మెలిక పడతాయి. నేనది చూశాను. చూసి, డిజైన్ అనుకున్నాను.

"బాబా, మెలిక ఉంది" అన్నాను. నా జాకెట్టుకి గుచ్చి ఉన్న సూదిలోంచి దారం తీసి, రెండు పోగులు మెలికవేసి చూపించాను. "మీ గొట్టంలో ఇలా ఉంది."

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆ మెలిక ఆయన వణికే చేతి నుంచి పడింది, ఆయనకది అర్థమైంది. ఒక గొట్టమైతే ప్రాణం పోయినా పీకి చూద్దాం అన్నట్టు ఏదో గొణిగారు. అప్పుడు ఆగి, "మిగతా మూడూ?" అన్నారు.

"మూడింట్లోనూ ఉంది."

"అన్నిట్లోనా? అదే రెండు తీగలా?"

"అవే రెండు. ఎర్రది పైన, నీలం కింద. మీది ఎలా ఉంటే అలా."

"తీగలు తిన్నగా వెళ్తుంటే రెండు మాత్రం మెలిక పడ్డాయని చూశావు కదా. ఎందుకు వేశావు మరి?"

మా అమ్మ అల్లిన రేకు సంగతి, ముక్కలు వెనక్కొచ్చిన సంగతి, దుప్పటి సంగతి నాకొచ్చిన హిందీలో, రాని చోట అరబ్బీలో, రెండూ రాని చోట చేతుల్తో చెప్పాను. శాంపిల్‌లో ఏముంటే అది అల్లాలి బాబా, లేకపోతే జత కుదరదు అన్నాను.

ఆయన నావైపు చూశారు. తరవాత గడియారం వైపు చూశారు. తరవాత నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. మామా మంచినీళ్ళు తెచ్చి ఏమైంది, ఏమైంది అంటుంటే ఆయన గ్లాసు పక్కన పెట్టేసి నా చేతిలోని దారం అందుకున్నారు. రెండు పోగులు, ఒక మెలిక. కింద ఇంకో మెలిక వేశారు. రెండు పోగుల కొసలూ తిరిగి ఏ వైపువి ఆ వైపుకి వచ్చాయి.

నాకూ అప్పుడే వెలిగింది. నాలుగు గొట్టాల్లో ఒక్కదాంట్లో కూడా నేను తెలివికి పోయి మెలిక తియ్యకపోవడం ఎంత మంచిదైందో. ఒకటి తిన్నగా ఉండి మూడు మెలికగా ఉంటే జిగురు పీకాల్సిందే. నాలుగూ ఒకేలా తప్పు కాబట్టి తప్పంతా ఆ రెండు తీగల్లోనే ఉంది. పది తీగలూ జడలా కలిసి చిప్ దగ్గరికి వెళ్ళే చోటు ఒకటే. ఆ చోట జిగురు లేదు. అక్కడ ఆ రెండు తీగలూ ఊడదీసి, ఒకదాని చోట ఒకటి పెట్టి అతికిస్తే చాలు.

"యల్లా" అన్నారు బాబా. "కడ్డీ పెట్టు."

మామా కిటికీ తెర తీసి, నా పక్కన నిలబడి ఫోన్ లైట్ పట్టారు. ఆవిడ చెయ్యి కదలకుండా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. రెండు అతుకులు ఊడదీశాను, రెండు అతుకులు పెట్టాను. ఎర్ర తీగ నీలం చోటికి, నీలం తీగ ఎర్ర చోటికి. బొట్లు మెరిశాయి. నా జీవితంలో ఎన్నో ముళ్ళు వేశాను, అంత చిన్న పనికి అంత పెద్ద ఫలితం ఎప్పుడూ రాలేదు.

ప్లగ్గు పెట్టాం. ఈసారి సమయం పెట్టాక ముగ్గురం కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. నాలుగు తరవాత అయిదు వచ్చింది. మామా చప్పట్లు కొట్టారు. ఏడు తరవాత ఎనిమిది వచ్చింది. బాబా చప్పట్లు కొట్టారు. నలభై తొమ్మిది తరవాత యాభై వచ్చినప్పుడు నేను కొట్టాను. ఎడమ చెయ్యి నడుం వెనక నుంచి తీసి మరీ కొట్టాను. తరవాత మామా లేచి పాత సామాన్ల మనిషికి ఫోన్ చేసి, రావద్దన్నారు. ఎందుకని అతను అడిగినట్టున్నాడు. "దోసకాయలు పండాయి" అని పెట్టేశారు.

ఆ వారం హూరా వెళ్ళినప్పుడు వదినకి ఇదంతా చెప్పాను. తను నోరెళ్ళబెట్టి విని, మధ్యలో తిట్టి, చివర్లో నా బుగ్గ గిల్లింది. ఇదంతా రాయి వదినా అంది. రాస్తాను, నువ్వు పైన ఒక వరస రాసివ్వు, చూసి రాస్తాను అన్నాను.

"దీనికి శాంపిల్ ఎక్కడుందొదినా? ఇది నీకొక్కదానికే జరిగింది. నువ్వే రాయాలి" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఎవరి పెన్ను ఆగిన చోటా నేను ఆగలేదు.

గడియారం సరిగ్గా నడిచిన మర్నాడు సాయంత్రం నెలవంక కనిపించింది. ఆ తెల్లారి మొదటి ఉపవాసం. ఆ సాయంత్రం మజ్లిస్ నిండా పిల్లలూ మనవలూ. హరీస్, సంబూసాలు, ఖర్జూరాల పళ్ళాలు అన్నీ నేను సర్దాను. కిటికీ కింద బల్ల మీద మాత్రం తినేవి ఏవీ పెట్టనివ్వలేదు మామా. అక్కడ నా లేసు గుడ్డ పరిచి, దాని మీద గడియారం పెట్టారు. పెద్ద కోడలు ఫోన్‌లో సమయం చూడబోతే మామా ఆ ఫోన్ బోర్లించేశారు.

అందరూ వేళ్ళ మధ్య ఖర్జూరం పట్టుకుని కూర్చున్నారు. అందరి కళ్ళూ గొట్టాల మీదే. బాబా చెయ్యి వణుకుతోంది, ఖర్జూరంతో సహా. మొదటి గొట్టంలో సున్నా, రెండో దాంట్లో అయిదు. ఆ అయిదుని నేను చూసినంతగా అక్కడెవరూ చూసి ఉండరు. పేపర్లో వేసిన ఇఫ్తార్ నిమిషం వచ్చి నిలబడింది. వచ్చిన వెంటనే ఇంటి వెనక మసీదు నుంచి అజాన్ మొదలైంది.

మామా ఖర్జూరం నోట్లో పెట్టుకున్నారు. నీళ్ళు తాగారు. అప్పుడు నావైపు తిరిగి, పెట్టెలో ఇంకా దోసకాయలు మిగిలాయి కదా, నా వంటింటికి కూడా ఒకటి చెయ్యి అన్నారు.

బాబా నవ్వుతూ నన్నడిగారు. "ఈసారి తీగలు తిన్నగా వేస్తావా?"

"అదెలా కుదురుతుంది బాబా? శాంపిల్‌లో మెలిక ఉంది. మెలిక వెయ్యాల్సిందే. లేకపోతే జత కుదరదు."